జూన్, జూలైల్లో గయానా: వానకి భయపడకండి, రోడ్డుని నమ్ముకోకండి

మీ ప్రశ్న ఇదీ: న్యూజెర్సీలో ఉంటున్నారు. జూన్ మూడో వారం నుంచి పిల్లలకు సెలవులు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు ఆగస్టు దాకా మీ దగ్గరే ఉంటారు. అందరూ కలిసి పది రోజులు దక్షిణ అమెరికాలోని గయానా చూసి రావాలనుకున్నారు. ఇంతలో ఎవరో "అక్కడ అది నిండు వానాకాలం, డబ్బు దండగ" అన్నారు. వెళ్ళాలా, మానుకోవాలా, వెళ్తే దేన్ని వదులుకోవాలి అని అడిగారు.

నా సమాధానం: వెళ్ళండి. అయితే ఇంటర్నెట్‌లో దొరికే మామూలు ప్లాన్ పట్టుకుని వెళ్ళకండి. అవన్నీ ఎండాకాలానికి రాసినవి. నేను ఇక్కడి రాజధాని జార్జ్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసుకి వచ్చేవాళ్ళనీ, చుట్టాలనీ అన్ని కాలాల్లోనూ దేశం లోపలికి పంపుతుంటాను, వీలున్నప్పుడు వెంట వెళ్తుంటాను. నేను చూసినంతలో వానాకాలంలో ఇక్కడ ప్రయాణం చెడేది తడవడం వల్ల కాదు. మట్టిరోడ్డు మీద బండి ఆగిపోవడం వల్ల, విమానం ఎగరని రోజుకి ప్లాన్‌లో చోటు పెట్టుకోకపోవడం వల్ల. ఈ రెండూ సర్దుకుంటే, ఎండాకాలంలో కనబడనివి కొన్ని ఈ రోజుల్లోనే కనబడతాయి.

ముందు ఇక్కడి వాన సంగతి. గయానా భూమధ్యరేఖకి కాస్త పైన ఉంది. ఉత్తరార్ధగోళం గాలులూ దక్షిణార్ధగోళం గాలులూ ఎదురుపడే చోట ఏర్పడే మేఘాల పట్టీ ఏడాదిలో ఉత్తరానికోసారి, దక్షిణానికోసారి జరుగుతుంది. ఆ రెండుసార్లూ తీరప్రాంతం మీదుగా పోతుంది కాబట్టి జార్జ్‌టౌన్‌కి రెండు వానాకాలాలు: ఏప్రిల్ ఆఖరు, మే నుంచి ఆగస్టు నడిమి దాకా పెద్దది, నవంబరు నడిమి నుంచి జనవరి దాకా చిన్నది. దక్షిణాన బ్రెజిల్ సరిహద్దులో ఉన్న రూపునూని గడ్డిమైదానాలకి మాత్రం ఒక్కటే, మే నుంచి ఆగస్టు వరకు. అందువల్ల డిసెంబరులో జార్జ్‌టౌన్ నానుతుంటే రూపునూనిలో దుమ్ము లేస్తుంటుంది. మీరు అనుకున్న జూన్ ఆఖరు, జూలైల్లో రెండు చోట్లా వానే. జార్జ్‌టౌన్‌లో ఏడాదికి పడేది సుమారు 2,300 మి.మీ. అందులో జూన్ వాటా పెద్దది.

మీకు మేలు చేసే విషయం ఒకటుంది. జూన్ నుంచి నవంబరు దాకా కరీబియన్ దీవులకి హరికేన్ల భయం ఉంటుంది కదా, ఆ తుపాన్ల దారికి గయానా దక్షిణాన ఉండిపోయింది. వానలకి వరద వస్తుంది, ఇంటికప్పు ఎగరగొట్టే తుపాను రాదు. వేసవి సెలవుల్లో దీవులకి బుక్ చేసుకుని వాతావరణ వార్తలు చూస్తూ కూర్చునేవాళ్ళకన్నా ఈ లెక్కలో మీరు నయం.

వాన తీరు తెలియాలంటే 2024 జూన్ 27 గుర్తు చేసుకోండి. టీ20 ప్రపంచకప్‌లో ఇండియా, ఇంగ్లండ్ సెమీఫైనల్ జార్జ్‌టౌన్ పక్కనే ఉన్న ప్రావిడెన్స్ స్టేడియంలో జరిగింది. ఆ మ్యాచ్‌కి రిజర్వ్ డే పెట్టలేదు, బదులుగా 250 నిమిషాలు అదనంగా ఇచ్చారు. మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది, మధ్యలో మళ్ళీ వాన పడి ఆగింది, అయినా ఓవర్లు తగ్గించకుండా అదే రోజు ముగిసి ఇండియా 68 పరుగులతో గెలిచింది. ఇక్కడి జూన్ రోజులు ఎక్కువగా అంతే. గంట, గంటన్నర దంచి కొడుతుంది, తెరిపిస్తుంది, ఎండ చుర్రుమంటుంది, మళ్ళీ మబ్బేస్తుంది. రోజంతా ముసురు పట్టే రోజులూ లేకపోలేదు, కానీ వరసగా అన్నీ అలాగే ఉండవు. చలి అసలుండదు, పగలు 29, 30 డిగ్రీలు, రాత్రి 24. తడిస్తే జలుబు చేస్తుందేమోనని మీ అమ్మగారు భయపడక్కర్లేదు, తడిసిన బట్టలు ఆరవు, అంతే.

తీరంలో వానకన్నా పోటు ముఖ్యం. మన కోనసీమని ఊహించుకోండి: కాలవలు, కొబ్బరిచెట్లు, వరిచేలు, లాకులు. కాకపోతే ఇక్కడ నేల సముద్రపు పోటు మట్టం కన్నా కొన్ని అడుగులు దిగువన ఉంది. డచ్చివాళ్ళ కాలంలో తోటలు వేయడానికి కట్టలు కట్టి, కాలవలు తవ్వి నిలబెట్టిన నేల ఇది. దేశ జనాభాలో సుమారు 90 శాతం ఈ సన్నని తీరంలోనే ఉంటారు. ఊళ్ళో పడిన నీరు కాలవల్లో చేరి, కోకర్ అని పిలిచే తలుపుల గుండా సముద్రంలోకి పోతుంది. ఆటు సమయంలో ఆ తలుపు ఎత్తుతారు, పోటు వస్తే దించేస్తారు. అంటే పెద్ద వాన, పెద్ద పోటు ఒకేసారి వస్తే నీటికి పోయే దారి లేదు. పంపులు పెట్టారు, కానీ అవి ఎంత తోడితే అంతే. అందుకే నేను బయటికి వెళ్ళేముందు ఫోన్‌లో వాన ఎంత శాతం అని చూడను, పోటు ఎన్ని గంటలకో చూస్తాను. మధ్యాహ్నం వాన పడ్డా సాయంత్రానికి ఆటు ఉంటే వీధుల్లో నీళ్ళు తీసేస్తాయి. వాన ఆగేసరికి పోటు మొదలైతే ఇంకొన్ని గంటలు హోటల్‌లోనే చాయ్ తాగండి.

ఇది ఎప్పుడూ తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కూడా కాదు. 2005 జనవరి వరదలో తీరం చాలా భాగం రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీళ్ళలో మునిగి పోయినవాళ్ళే కాదు, తర్వాత వచ్చిన లెప్టోస్పిరోసిస్‌తో కూడా మనుషులు పోయారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పుండులోంచి, పగుళ్ళలోంచి ఒంట్లోకి వెళ్తే వచ్చే జ్వరం అది. 2021 మే, జూన్‌లలో దేశమంతటా వరద వచ్చి ప్రభుత్వం విపత్తుగా ప్రకటించింది. కాబట్టి పిల్లలకి ఒక్కటే కఠినమైన నియమం పెట్టండి: రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో చెప్పులతో ఆడకూడదు. దిగక తప్పకపోతే మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఇక్కడ లాంగ్ బూట్స్ అంటే ఏ సామాన్ల కొట్లోనైనా ఇస్తారు, అమెరికా నుంచి మోసుకురానక్కర్లేదు. హోటల్ బుక్ చేసేటప్పుడు స్విమ్మింగ్ పూల్ సంగతి తర్వాత, ముందు రెండు ప్రశ్నలు అడగండి: జనరేటర్ ఉందా, ఆ వీధిలో నీళ్ళు నిలుస్తాయా. రెండోదానికి హోటల్‌వాళ్ళు నిజం చెప్పకపోవచ్చు, టాక్సీవాళ్ళు చెప్తారు.

వాన రోజుకి ఊళ్ళో కాలక్షేపం ఉంది. పూర్తిగా చెక్కతో కట్టిన సెయింట్ జార్జ్ కెథెడ్రల్, ఇనుప గడియారస్తంభం ఉన్న స్టాబ్రోక్ మార్కెట్, ఆదివాసీల జీవితం చూపించే వాల్టర్ రాత్ మ్యూజియం. మార్కెట్‌లో జేబులు జాగ్రత్త. సముద్రపు గోడ మీద సాయంత్రం నడక బాగుంటుంది, చీకటి పడ్డాక వద్దు.

ఇప్పుడు అసలు సంగతి, కైట్యూర్ జలపాతం. వానాకాలంలో గయానా రావడానికి ఇదొక్కటే సరిపోయే కారణం. పొటారో నది పకరైమా పీఠభూమి అంచు నుంచి 226 మీటర్లు ఒక్క దూకుగా పడుతుంది. నయాగరా ఎత్తు సుమారు 50 మీటర్లు, లెక్క మీరే వేసుకోండి. ఎండాకాలం ఆఖర్లో నది సన్నగిల్లి రాతి గోడ బయటపడుతుంది. ఆ ఫోటోలు కూడా అందంగానే ఉంటాయి, కానీ జూన్, జూలైల్లో అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా 100 మీటర్లకు పైగా నిండుగా దూకుతుంది. నీళ్ళు తెల్లగా ఉండవు. అడవి ఆకులు నాని దిగిన రంగుతో పైన చిక్కటి డికాక్షన్, కిందికి వచ్చేసరికి పసుపు, ఆ తర్వాత నురగ. లోయలోంచి లేచే తుంపర ఒక్కోసారి జలపాతాన్నే కప్పేస్తుంది. అప్పుడు నిరాశపడి వెనక్కి తిరగకండి. గాలి మారితే పది నిమిషాల్లో తెర తొలగుతుంది. గైడుకి ఈ సంగతి తెలుసు, తొందరపెట్టేది సాధారణంగా మనవాళ్ళే.

అక్కడికి వెళ్ళేది జార్జ్‌టౌన్ పక్కన ఓగల్‌లో ఉన్న యూజీన్ ఎఫ్. కొరియా విమానాశ్రయం నుంచి. మీరు దిగే చెడ్డీ జగన్ విమానాశ్రయం వేరు, అది ఊరికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో టిమెహ్రిలో ఉంది. ఓగల్ నుంచి పన్నెండు మంది పట్టే చిన్న విమానంలో గంట లోపు ప్రయాణం. కైట్యూర్‌లో దిగే చోట ఓ చిన్న రన్‌వే, చుట్టూ అడవి. పైలట్‌కి కంటికి నేల కనబడాలి. మబ్బు కిందికి దిగితే ఆలస్యం చేస్తారు, తిప్పి తీసుకొస్తారు, లేదా ఆ రోజు మానేస్తారు. ఆ నిర్ణయం మీద పైలట్‌తో గానీ ఏజెంటుతో గానీ ఎవరూ వాదించకూడదు. సీట్లు నిండకపోయినా విమానం వెళ్ళదు, వానాకాలంలో జనం తక్కువ కాబట్టి ఇదీ జరుగుతుంది. మీరు ఆరుగురు ఉన్నారు, అది మీకు కలిసొచ్చే విషయం, ఏజెంటు మిగతా సీట్లు నింపుకోవడం తేలిక.

కాబట్టి కైట్యూర్‌ని ప్రయాణం మొదట్లో పెట్టుకోండి. జనం చేసేదేమిటంటే "బెస్ట్ చివర్లో చూద్దాం" అని ఆఖరి రోజుకి పెట్టుకుంటారు. ఆ రోజు మబ్బేస్తే ఇక అంతే, డబ్బు తిరిగి వస్తుందేమో గానీ జలపాతం రాదు. రెండో రోజుకో మూడో రోజుకో బుక్ చేసి, తర్వాతి రెండు రోజుల్లో ఊరి చుట్టుపక్కల ఎప్పుడైనా మార్చుకోగల పనులు పెట్టుకుంటే, విమానం ఎగరకపోయినా ఇంకో రెండు అవకాశాలు ఉంటాయి. బుక్ చేసేటప్పుడే "వాతావరణం వల్ల రద్దయితే మర్నాడు సీటు ఇస్తారా, డబ్బు ఇస్తారా" అని రాతపూర్వకంగా అడగండి.

మీ నాన్నగారి మోకాళ్ళ గురించి రాశారు. రన్‌వే నుంచి వ్యూపాయింట్లకి నడక పెద్దదేం కాదు. కానీ రాయి, వేళ్ళు, బురద. జాన్సన్స్ వ్యూ, బాయ్ స్కౌట్స్ వ్యూ, రెయిన్‌బో వ్యూ అని మూడు చోట్ల నుంచి చూపిస్తారు. ఆయన మొదటిది చూసి ఆగిపోయినా నష్టం లేదు. చేతికర్ర తెచ్చుకోమనండి. ఇంకో ముఖ్యమైన విషయం: అంచుల్లో రెయిలింగులు ఉండవు. తడి రాయి మీద నాచు ఉంటుంది. మీ చిన్నవాడి చెయ్యి ఎవరు పట్టుకోవాలో విమానం దిగకముందే నిర్ణయించుకోండి, ఫోటోలు తీసే మనిషికి మాత్రం ఆ పని అప్పగించకండి.

దారిలో మనిషి ఎత్తుని మించిన బ్రొమీలియాడ్ మొక్కలు కనబడతాయి. ఆకుల మొదట్లో నిలిచే వాననీళ్ళలో బొటనవేలి గోరంత బంగారు రంగు కప్ప బతుకుతుంది. పుట్టుక, పెంపకం అన్నీ ఆ దొన్నెడు నీళ్ళలోనే. నేల తడిగా ఉన్నప్పుడే ఇది చురుగ్గా ఉంటుంది కాబట్టి ఇది కూడా మీ కాలమే. నారింజ రంగు కాక్ ఆఫ్ ది రాక్ పిట్ట కనబడటం అదృష్టం. సాయంత్రానికి అక్కడ ఉండగలిగితే వేల స్విఫ్ట్ పిట్టలు నీటి తెర వెనక గూళ్ళలోకి దూసుకుపోవడం చూడొచ్చు, కానీ దానికి రాత్రి అక్కడి సాదా గెస్ట్‌హౌస్‌లో ఉండాలి. పెద్దవాళ్ళతో, వానలో నేనైతే చేయను. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయండి.

కొందరు ఏజెంట్లు అదే రోజు ఓరిందుయిక్ జలపాతం కూడా కలిపి అమ్ముతారు. ఐరెంగ్ నది మీద మెట్లు మెట్లుగా ఉండే జాస్పర్ రాతి మీద నీళ్ళు జారుతుంటాయి, ఎండాకాలంలో పిల్లలు గంటలు స్నానం చేస్తారు. నీరు పెరిగినప్పుడు మెట్లు మునిగిపోతాయి, దిగడం ప్రమాదం. మీకు అనవసరం, ఆ డబ్బు మిగుల్చుకోండి.

మీరు పంపిన ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, నాలుగో రోజు "జార్జ్‌టౌన్ నుంచి లెథెమ్ రోడ్డు ప్రయాణం, దారిలో అడవి చూస్తూ" అన్నది. అది కొట్టేయండి. లెథెమ్ అంటే బ్రెజిల్ సరిహద్దు ఊరు. దారిలో లిండెన్ దాకా తారు రోడ్డే. అక్కడి నుంచి మబురా వరకు తారు వేసే పనులు చేపట్టారు. ఆ తర్వాత ఎర్రమట్టి. మొత్తం దూరం 550 కిలోమీటర్ల చిల్లర. ఎండలో మినీబస్సు పన్నెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. జూన్‌లో అదే దారి లారీల చక్రాలకి చీలి గుంతలై, ఒక లారీ కూరుకుపోతే వెనక వరసంతా ఆగిపోతుంది. రాత్రి అక్కడే గడపాల్సి రావచ్చు. దారిలో కురుపుకారి దగ్గర ఎసెక్విబో నది దాటడానికి పంటు పగలే నడుస్తుంది, సాయంత్రం ఆలస్యమైతే ఈ ఒడ్డునే పడుకోవాలి. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకి అది కథ. డెబ్భై ఏళ్ళ మనిషికి బాత్రూం లేని రాత్రి.

లోపలి భాగం వదులుకోమని అనడం లేదు, ఎగిరి వెళ్ళండి అంటున్నాను. ఇవొక్రామా అడవికి ఫెయిర్‌వ్యూ అనే ఎయిర్‌స్ట్రిప్ ఉంది, ఉత్తర రూపునూనికి అన్నై ఉంది, దక్షిణానికి లెథెమ్ ఉంది. రెండింట్లో ఒకటే ఎంచుకోండి: అడవి కావాలా, నీళ్ళతో నిండిన మైదానం కావాలా.

ఇవొక్రామా దాదాపు 3,710 చదరపు కిలోమీటర్ల సంరక్షిత వర్షారణ్యం. కొమ్మల మధ్య 30 మీటర్ల ఎత్తున వేలాడే నడకదారి ఉంది. ఉరుములు మెరుపుల్లో దాన్ని మూసేస్తారు, మూసేయాలి కూడా. నదిలో నీరు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో పడవ దూరలేని పాయల్లోకి పడవ వెళ్తుంది. ఒడ్డున ఇసుక తిన్నెలు మునిగి ఉంటాయి, అందుచేత ఇసుక మీద పడుకున్న మొసళ్ళని చూద్దామనుకుంటే కుదరదు. జంతువుల సంగతి ముందే చెప్తున్నాను: ఎండాకాలంలో నీళ్ళు కొన్నిచోట్లే ఉంటాయి కాబట్టి జంతువులన్నీ అక్కడికి చేరతాయి, తేలిగ్గా కనబడతాయి. వానల్లో అంతటా నీళ్ళే, అవీ చెల్లాచెదురు. మీ పెద్దబ్బాయి జాగ్వార్ కోసమే వస్తున్నట్టయితే వాడికి ఇప్పుడే చెప్పండి, అక్కడికి వచ్చాక కాదు.

రూపునూనిలో జరిగేది ఇంకా విచిత్రం. గయానా వైపు నదులు ఎసెక్విబోలో కలిసి అట్లాంటిక్‌కి పోతాయి. సరిహద్దులోని తకుతు, ఐరెంగ్ నదులు బ్రెజిల్‌లోకి వెళ్ళి చివరికి అమెజాన్‌లో కలుస్తాయి. ఎండాకాలంలో ఈ రెంటి మధ్య గడ్డిమైదానం. వానలు ముదిరాక మైదానం మునిగి రెండు నదీ వ్యవస్థలూ ఒకే నీళ్ళైపోతాయి, చేపలు ఇటువి అటు, అటువి ఇటు ఈదుకుపోతాయి. పాత యూరోపియన్ పటాల్లో ఇక్కడెక్కడో పరిమా అనే మహాసరస్సు, దాని ఒడ్డున బంగారు నగరం గీశారు. ఇంగ్లండ్ సాహసి వాల్టర్ రాలీ దాని కోసమే గయానా గురించి అంత హడావుడి చేశాడు. ఏటా వచ్చిపోయే ఈ వరదే ఆ సరస్సు కథకి మూలమని తర్వాత జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ అన్నాడు. జూలైలో అన్నై దగ్గర విమానం వంగినప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ పటాలు గీసినవాళ్ళని తప్పుపట్టాలనిపించదు.

అక్కడ కొన్ని లాడ్జిలకి వానల్లో జీపు వెళ్ళదు, పడవలోనే తీసుకెళ్తారు. బుక్ చేసేటప్పుడు ఎయిర్‌స్ట్రిప్ నుంచి లాడ్జి దాకా ఎలా, ఎన్ని గంటలు అని అడగండి. ఆ పడవ ప్రయాణమే సగం ఆనందం. చెరువుల్లో విక్టోరియా అమెజోనికా ఆకులు, పెద్దవి ఒక్కోటి బారెడు వెడల్పు. ఇది గయానా జాతీయ పుష్పం. 1837లో అన్వేషకుడు షోంబర్గ్ బెర్బీస్ నదిలో చూసి లండన్‌కి నమూనాలు పంపాకే విక్టోరియా రాణి పేరు పెట్టారు. పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ రంగులోకి మారుతుంది. సాయంత్రం పడవ అడగండి. దోమలకి తోడు కబౌరా అనే చిన్న కుట్టే ఈగ ఉంటుంది, పగలే కుడుతుంది, దురద వారం పోదు. పొడుగు చేతుల చొక్కాలు, పాదాలకి సాక్సులు.

చిన్న విమానాల్లో సామాను సాధారణంగా మనిషికి 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. మనిషిని కూడా తూకం వేస్తారు. మీ అమ్మగారి పచ్చడి సీసాలు జార్జ్‌టౌన్ హోటల్‌లోనే ఉంచండి, పొడులు చాలు.

తీరానికి దగ్గరలోనే ఉండాలనుకుంటే ఎసెక్విబో ముఖద్వారం ఉంది. పరికా రేవు నుంచి బార్టికా అనే ఊరికి స్పీడ్‌బోటు గంటసేపు. నది అంత వెడల్పుంటే అల కూడా సముద్రపు అలే, నడుము అదురుతుంది. వెనక వరసలో కూర్చోండి, ముందు వరస ఎగిరెగిరి పడుతుంది. లైఫ్‌జాకెట్ వేసుకోకుండా బయల్దేరవద్దు. వాన వస్తే మీద టార్పాలిన్ కప్పుతారు, లోపల ఉక్క, బయట వాన, మొత్తానికి తడుస్తారు. బార్టికా నుంచి మజరూని నది మీద చిన్న జలపాతాలకి తీసుకెళ్తారు, ఈ కాలంలో వాటిల్లో నీళ్ళుంటాయి. ఇంకా దగ్గరగా కావాలంటే మహైకా నదిలో గంటన్నర పడవ ప్రయాణం, జాతీయ పక్షి హోట్జిన్‌ని చూడటానికి. ఆకులు తిని బతికే ఈ పిట్ట ఏడాది పొడవునా ఉంటుంది, తెరిపి చూసుకుని ఏ ఉదయమైనా వెళ్ళొచ్చు. కైట్యూర్ రద్దయిన రోజుకి ఇది పెట్టుకోండి.

ఇక కాగితాలు, సూదులు. ఇక్కడే మనవాళ్ళు ఇరుక్కుంటారు.

దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో గయానా ఉంది. గయానా నుంచి బయల్దేరిన 6 రోజుల లోపు ఇండియాలో దిగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవాళ్ళు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకుంటారు. మీరు అమెరికాలో అధీకృత ట్రావెల్ క్లినిక్‌లోనే వేయించుకోవాలి, ప్రతి ఫార్మసీలోనూ దొరకదు. 60 దాటినవాళ్ళకి ఈ టీకా వల్ల తీవ్రమైన దుష్ఫలితాల అవకాశం ఎక్కువ, అందువల్ల మీ అమ్మానాన్నల విషయం డాక్టరే తేల్చాలి. డాక్టరు వద్దంటే అడవి, మైదానం ప్రయాణం వాళ్ళకి మానిపించి, ఇండియా టికెట్ గయానా నుంచి వచ్చాక వారానికి పైగా ఆగి పెట్టుకోండి.

లోపలి ప్రాంతాల్లో మలేరియా ఉంది, క్లోరోక్విన్ పనిచేయదు. ఏ మాత్ర, ఎప్పటి నుంచి అన్నది అదే క్లినిక్‌లో అడగండి. తీరంలో డెంగీ దోమ పగలే కుడుతుంది. తిరిగొచ్చాక నెల రోజుల్లో జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా "గయానా వెళ్ళొచ్చాను" అని చెప్పండి.

మీ ఇమ్మిగ్రేషన్ సంగతి రాయలేదు కాబట్టి చెప్తున్నాను. హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపు గడువు అయిపోయినా కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్ వేసి వచ్చేయొచ్చన్న వెసులుబాటు గయానాకి వర్తించదు. పాస్‌పోర్టులో చెల్లే స్టాంపు లేకపోతే తిరుగు విమానం ఎక్కనివ్వరు. పిల్లలది అమెరికా పాస్‌పోర్టు, మీది, పెద్దవాళ్ళది ఇండియా పాస్‌పోర్టు అయితే గయానా వీసా నియమాలు ఎవరికి వాళ్ళకి వేరు. ఒక్కో పాస్‌పోర్టుకీ విడిగా చూసుకోండి.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. గొడుగు సముద్రపు గాలికి తిరగబడుతుంది, పొడుగు రెయిన్‌కోట్ మేలు. జీన్స్ తేవద్దు, ఆరవు. ఫోన్లకీ మందులకీ జిప్ సంచులు. రెండు జతల చెప్పులు, ఒకటి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

తిండికి మీకు ఇబ్బంది లేదు. 1838 మే 5న మొదటి ఓడ దిగినప్పటి నుంచి 1917 దాకా సుమారు 2,39,000 మంది భారతీయులు చెరుకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఇక్కడికి వచ్చారు. ఎక్కువమంది బిహార్, యూపీల నుంచి కలకత్తా మీదుగా వచ్చినవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళు తక్కువ, అందులో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఇప్పటికీ మద్రాసీలనే అంటారు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, కానీ వాళ్ళ కాళీమాయి గుళ్ళలో డప్పు, వేపాకు, పూనకం ఉన్నాయి. తూర్పున ఉన్న బెర్బీస్ వైపు ఆదివారం ఒక గుడికి వెళ్తే మీ అమ్మగారు మీకన్నా ముందే ఆ పూజ ఏమిటో పోల్చుకుంటారు. ఫోటోలు అడిగి తీయండి. పూజలప్పుడు తామర ఆకుల్లో సెవెన్ కర్రీ వడ్డిస్తారు, గుమ్మడి, పనస జాతి కటహర్, చేమ, మామిడికాయ, ఆకుకూర, శనగలు లాంటివి, అన్నం మీద అన్నీ కలిపి, అంతా శాకాహారం. లోపలి లాడ్జిల్లో మాత్రం శాకాహారమని వారం ముందే చెప్పాలి. లేదంటే చేప తీసేసిన చేపల కూర పెట్టి శాకాహారమే అంటారు.

మీ పది రోజులు నేనైతే ఇలా పెడతాను. దిగిన రోజు ఏమీ వద్దు. మూడో రోజు కైట్యూర్, నాలుగు, ఐదు దాని కోసమే ఖాళీ, ఎగిరితే ఆ రెండు రోజులూ మహైకా, బెర్బీస్. ఆరో రోజు అన్నైకి విమానంలో వెళ్ళి రెండు రాత్రులు, లేదా పెద్దవాళ్ళు వద్దంటే బార్టికా దగ్గర నది ఒడ్డున రెండు రాత్రులు. లోపలి నుంచి తిరిగొచ్చే విమానానికీ న్యూయార్క్ విమానానికీ మధ్య కనీసం ఒక పూర్తి రోజు. ఆ రోజు తగ్గించుకుందామని అందరికీ అనిపిస్తుంది. తగ్గించకండి.

తేదీలు కదపగలిగితే ఆగస్టు మూడో వారానికి జరపండి. న్యూజెర్సీలో బడులు తెరిచేది సెప్టెంబరు మొదట్లోనే కదా. అప్పటికి తీరంలో వాన తగ్గుముఖం పడుతుంది, కైట్యూర్‌లో నీరు ఇంకా బాగానే ఉంటుంది, మైదానంలో వరద తీయడం మొదలవుతుంది. రోడ్డు మాత్రం అప్పటికీ వద్దు. మీ అమ్మానాన్నల తిరుగు టికెట్ ఏ తేదీకో, వాళ్ళ వయసులెంతో చెప్తే ఎవరు ఏ రోజు ఎక్కడ ఉండాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.